పిలిచేదీ తనే, బాణం వేసేదీ తనే: ఎల్క్ వేటలో ఒంటరి విలుకాడి చిక్కు

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో విల్లుతో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లేవాళ్లు వీలైతే ఇద్దరుగా వెళ్తారు. ఒకడు ముందు మాటు వేస్తాడు. రెండోవాడు 40, 60 గజాలు వెనక్కి పోయి అక్కడి నుంచి ఆడ ఎల్క్‌లా కూస్తాడు. మగది, అంటే పోతు, ఆ కూత పుట్టిన చోటు మీదే కళ్లూ చెవులూ పెట్టి నడిచొస్తుంది. దాని చూపు వెనకవాడి కోసం వెతుకుతుండగా దారి పక్కనున్నవాడు విల్లు లాగుతాడు. కూత ఎంత అచ్చంగా ఉందన్నది ఇక్కడ రెండో సంగతి. కూత ఒకచోట, బాణం మరోచోట ఉండటమే అసలు కిటుకు. మన పల్లెల్లో ఒకప్పుడు సాగిన కౌజుపిట్టల వేటలోనూ ఇదే లెక్క. పెంపుడు కౌజును బుట్టలో పెట్టి పొదల దగ్గర వదిలితే అది కూసేది, దాని మీదికి పోట్లాటకు వచ్చిన అడవి కౌజు ఉచ్చులో పడేది, వేటగాడు ఎక్కడో దూరంగా కూర్చునేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు మన దగ్గర ఇలాంటి వేటలు నేరమే. ఎల్క్ వేట మాత్రం లైసెన్సులు, కోటాలు, గడువుల మధ్య అక్కడ చట్టబద్ధంగా సాగుతోంది.

ఒంటరిగా అడవిలోకి వెళ్లినవాడికి ఆ వెసులుబాటు ఉండదు. కూసేదీ అతనే, విల్లు లాగేదీ అతనే. 300 కిలోల జంతువు సూటిగా అతని ముఖంలోకి చూస్తూ వస్తుంటే అతను చెయ్యి కదపాలి. అయినా దుకాణాల్లో, వీడియోల్లో నడిచే చర్చంతా ఏ కాల్ (ఎల్క్ కూతను అనుకరించే పరికరం) శబ్దం అసలుకు దగ్గరగా ఉంది, ఏ కంపెనీది బాగా పలుకుతుంది అనే దగ్గరే తిరుగుతుంది. ఒంటరివాడు అడగాల్సింది వేరే. ఈ కూత విని పోతు ఎక్కడ నిలబడి, ఎటు చూస్తుంది? ఏ కాల్ కొనాలి, ఎప్పుడు ఊదాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నవన్నీ ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే తేలతాయి.

సెప్టెంబరులోనే ఎందుకు

జింకల్లో మూస్ తర్వాత అతి పెద్దది ఎల్క్. రాకీ పర్వతాల్లో ఎదిగిన పోతు 300 కిలోలు దాటుతుంది, ఆడది 220 కిలోల చుట్టుపక్కల తూగుతుంది. అన్ని రాష్ట్రాల కంటే కొలరాడోలో వీటి సంఖ్య ఎక్కువ. మోంటానా, ఐడహో, వయోమింగ్, ఆరెగాన్, న్యూమెక్సికోల్లోనూ పెద్ద మందలున్నాయి. ఆగస్టులో పోతులు కొమ్ముల మీది మెత్తటి తోలును చెట్లకు రుద్ది ఊడగొట్టుకుంటాయి. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి రోజుల దాకా ఎద ఉధృతంగా ఉంటుంది. చాలా రాష్ట్రాలు విల్లు వేటకు సెప్టెంబరును కేటాయించి, తుపాకుల వంతును ఎక్కువగా అక్టోబరు నుంచి మొదలుపెడతాయి. తుపాకీ ఉన్నవాడు 300 గజాల నుంచి కొట్టగలడు. విల్లు పట్టినవాడికి 30, 40 గజాల లోపు కావాలి. ఈ దూరాన్ని కాళ్లతో పూడ్చడం కష్టం. పోతు తనంతట తాను నడిచొచ్చే కాలం ఏడాదిలో ఇదొక్కటే, దాన్ని నడిపించేది కూత.

పోతు కూసే కూతను, అంటే బ్యూగిల్‌ను, వేటతో పనిలేకుండా వినొచ్చు. డెన్వర్ పరిసరాల్లో ఉండే తెలుగువాళ్లకు ఎస్టెస్ పార్క్ గంటన్నర దారి. సెప్టెంబరు సాయంత్రాల్లో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులోని మొరేన్ పార్క్ మైదానం పక్కన కార్లు ఆపుకుని జనం దీనికోసమే నిలబడతారు. అక్కడ వేట నిషేధం, కాల్ ఊది జంతువును పిలవడం కూడా నిషేధమే. మొదటిసారి విన్నవాళ్లు అంత పెద్ద ఒంట్లోంచి ఇంత సన్నటి ఈలా అని ఆశ్చర్యపోతారు. ఐరోపా ఎర్ర జింక బొంగురుగా గర్జిస్తుంది. దాని దగ్గరి చుట్టమైన ఎల్క్ మాత్రం కింది స్థాయిలో మొదలై మెట్లు మెట్లుగా పైకెక్కి, అక్కడ కాసేపు నిలిచి, ఒక్కసారిగా జారిపోతుంది. చివర్లో పొట్టలోంచి తోసినట్టు నాలుగైదు పొట్టి మూలుగులు వస్తాయి. 2016లో జర్నల్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంటల్ బయాలజీలో వచ్చిన ఒక పరిశోధన ఈ కూతను విడదీసి చూసింది. పైస్థాయి ఈల 4,000 హెర్ట్జ్ దగ్గరిదాకా పోతుందని, అదే సమయంలో గొంతులోంచి వేరే శబ్దం చాలా తక్కువ స్థాయిలో నడుస్తుందని తేల్చింది. ఒకే ఊపిరిలో రెండు శబ్దాలన్నమాట. పరిశోధన రాక ముందే కాల్ బాగా ఊదేవాళ్లు ఇదే పని చేస్తున్నారు. నోట్లోని రబ్బరు పొరతో ఈల తీస్తూ, అదే ఊపిరితో గొంతులోంచి గుర్రుమంటారు. ఈల ఒక్కటే ఊదితే కుర్ర పోతులా వినిపిస్తుంది, గుర్రు తోడైతే ముదురు పోతు అవుతుంది. ఈ తేడాను కావాలని వాడుకోవచ్చు, ఆ సంగతి కింద వస్తుంది.

వాటి మాటలు

ఎల్క్‌లు మందగా బతుకుతాయి, రోజంతా ఏదో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఆడది 'మ్యూ' అంటుంది. పిల్లి కూత లాంటిదే, కాకపోతే ముక్కులోంచి పలుకుతుంది, చివర్లో కిందికి జారుతుంది. పిల్లది ఇంకా సన్నం, ఇంకా పొట్టి. 'నేనిక్కడున్నా, మీరెక్కడ' అన్నంత మామూలు మాట అది. ఏడాది పొడవునా వినిపించే ఈ మ్యూకు వేటగాడి దగ్గర ఉన్న విలువ ఇంకే శబ్దానికీ లేదు. ఎందుకంటే దాని వల్ల ఏ జంతువూ బెదరదు. ఎవరో ఒక ఆడది అక్కడుందని చెప్పి ఊరుకుంటుంది.

దీనికి భిన్నంగా, ఎదకొచ్చిన ఆడదానిలా సాగదీసి మూలిగే కూతను అమ్మకందార్లు బ్రహ్మాస్త్రంలా చూపిస్తారు. లెక్క చూస్తే అంత లేదు. ఆడ ఎల్క్ ఎద ఒక రోజుకు మించి ఉండదు, అప్పుడు చూలు నిలవకపోతే మళ్లీ దాదాపు మూడు వారాలకు గానీ రాదు. అలాంటి అరుదైన కూతను సెప్టెంబరు 3న ఒకే గుబురులోంచి అరగంటలో పదిసార్లు వినిపిస్తే, నాలుగేళ్లు బతికిన పోతుకు అది వింతగా తోచే అవకాశమే ఎక్కువ. నెల చివర్లో, అప్పటికే ఆడదాని వెంటపడి కూస్తున్న పోతు దగ్గర్లో ఉంటే ఒకటి రెండుసార్లు పనికొస్తుంది, అంతే.

పోతుల కూతల్లో ఒకటి ఎక్కడున్నావని ఆరా తీసేది. సాదాగా, పొడవుగా, చివరి మూలుగులు లేకుండా ఉంటుంది. ఇంకోటి కయ్యానికి కాలు దువ్వేది. పొట్టిగా, గరుకుగా, ఎదుటిది ముగించక ముందే మీద పడి అరిచేలా ఉంటుంది. గొంతులోంచి నీళ్లు గుటకలేసినట్టు చేసే మెత్తని చప్పుడు కూడా ఒకటుంది. ఆడదాన్ని దగ్గర పెట్టుకున్న పోతు అది చేస్తుంది, యాభై గజాల్లో ఉంటే తప్ప మనిషికి వినపడదు. కొమ్ములతో చిన్న చెట్లను చీరేసే చప్పుడును కూడా మాటగానే లెక్కపెట్టాలి. ఇక కుక్క మొరిగినట్టు ఒక్కసారిగా వచ్చే 'భౌ' వినపడితే ఆ రోజుకు అక్కడ పని అయిపోయినట్టే. అనుమానం తగిలిందని మందకంతటికీ చాటింపు అది. దానికి బదులుగా మ్యూలు ఊదుతూ సర్దిచెప్పబోయేవాళ్లున్నారు. ఒక్కోసారి జంతువు రెండు నిమిషాలు ఆగి చూస్తుంది గానీ దగ్గరికి రావడం దాదాపు ఉండదు.

నోట్లోదా, చేతిలోదా

కాల్స్‌లో మూడు రకాలు వాడకంలో ఉన్నాయి. గుర్రపు నాడా ఆకారంలోని అల్యూమినియం చట్రం మీద పలుచటి లేటెక్స్ పొర బిగించి, చుట్టూ టేపు అంటించిన డయాఫ్రం కాల్ మొదటిది. నాలుకతో దాన్ని అంగిటికి నొక్కిపెట్టి గాలి వదిలితే పొర కంపిస్తుంది. టర్కీ కోళ్ల వేటలోంచి ఎల్క్ వేటలోకి వచ్చిన వస్తువిది. రెండోది ఓపెన్ రీడ్. చిన్న గొట్టం మీద ప్లాస్టిక్ నాలిక ఉంటుంది, దాన్ని పళ్లతో లేదా పెదాలతో అదిమి ఊదాలి. మూడోది రబ్బరు బుడ్డిని చేత్తో నొక్కితే మ్యూ అనేది. పిల్లలైనా వాయించగలరు. వీటికి తోడు బ్యూగిల్ ట్యూబ్ ఉంటుంది. అది శబ్దాన్ని పెంచే బోలు గొట్టం మాత్రమే. ఇవన్నీ రాక ముందు పాతతరం వేటగాళ్లు గ్యాస్ పైపు ముక్కలతో, తోట గొట్టాలతో నెట్టుకొచ్చారు. వాళ్లకూ ఎల్క్‌లు దొరికాయి. ఏ కంపెనీ కాల్ మంచిదన్న వాదన మరీ ముదిరినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోవచ్చు. రికార్డు చేసిన కూతలను స్పీకర్లో వినిపించే ఎలక్ట్రానిక్ పరికరాలు కొలరాడో, మోంటానాలతో సహా చాలా రాష్ట్రాల్లో పెద్ద జంతువుల వేటకు నిషిద్ధం.

ఇద్దరున్న చోట ఏదైనా చెల్లుతుంది. ఒంటరివాడికి డయాఫ్రం దాదాపు తప్పనిసరి, శబ్దం గొప్పదని కాదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని. ఆఖరి ఘట్టంలో అతని ఎడమ చెయ్యి విల్లు మీద, కుడి చెయ్యి అల్లెతాడు మీద ఉంటాయి. పోతు చెట్ల మధ్య ఖాళీ దాటిపోతుంటే దాన్ని ఒక్క క్షణం ఆపాలి. ఆపగలిగింది నోట్లోంచి వచ్చే చిన్న మ్యూ మాత్రమే. చేతిలో పట్టుకునే ఏ కాలైనా ఆ క్షణానికి మెడలో వేలాడుతూ ఉంటుంది.

డయాఫ్రంతో ఇబ్బందులూ తక్కువేం కాదు. కొందరికి అంగిట్లో పెట్టుకోగానే డోకొస్తుంది. చట్రం వెడల్పు నోటికి సరిపోకపోతే పక్కలనుంచి గాలి పోతుంది. అలాంటప్పుడు టేపు అంచును కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించి, చట్రాన్ని మధ్యలో కాస్త వంచి సరిచేసుకుంటారు. పొర పలుచగా, వదులుగా ఉన్నవి మ్యూకు తేలిగ్గా పలుకుతాయి, గట్టిగా ఊదితే పగిలినట్టు మోగుతాయి. మందంగా, బిగుతుగా ఉన్నవి బ్యూగిల్‌కు నిలబడతాయి, మెత్తటి మ్యూ మాత్రం రాబట్టలేం. అందుకే రెండు రకాలు జేబులో ఉంటాయి. ఎండ తగిలితే లేటెక్స్ సాగిపోతుంది, వాడాక తుడిచి ఆరబెట్టకపోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్యలో పలుచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి ఉంచడం అందుకే. సెప్టెంబరులో వేటకని ఆగస్టు చివరి వారంలో కొనేవాడికి ఇది వశం కాదు. నెలల తరబడి కారులో ఆఫీసుకు పోతూ సాధన చేసేవాళ్లు ఎక్కువ, పక్క కార్లవాళ్లు ఏమనుకుంటారన్నది వాళ్లకు పట్టదు.

అసలే పట్టుబడని వాళ్లకు ఓపెన్ రీడ్ మంచి ప్రత్యామ్నాయం. పళ్ల మధ్య కరిచిపట్టుకునే పొట్టి రకాలూ దొరుకుతున్నాయి. నొక్కుడు కాల్ మాత్రం పోతు కంటికి కనపడక ముందు వరకే. ఆ తర్వాత దాన్ని నొక్కే చెయ్యి కదలికే అసలు సమస్య.

కాల్ వాయించడంలో పోటీలు కూడా ఉన్నాయి. మోంటానాలో 1984లో పుట్టిన రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ ప్రపంచస్థాయి ఎల్క్ కాలింగ్ పోటీలు నిర్వహిస్తుంది. వేదిక మీద గెలిచేవాళ్ల బ్యూగిల్ వింటే ఒళ్లు జలదరిస్తుంది. అడవిలో వినిపించే నిజం పోతుల్లో సగం వాటికి ఆ పోటీలో మొదటి రౌండు దాటే గొంతు లేదు, కొన్ని మరీ కీచుగా అరుస్తాయి. శబ్దం కాస్త తప్పినంత మాత్రాన జంతువు పారిపోదు. తప్పుడు చోటు నుంచి వచ్చిన శబ్దానికే దానికి అనుమానం పుడుతుంది.

60 గజాల గోడ

ఒంటరివాళ్లందరి నోటా వినపడే ఫిర్యాదు ఒకటుంది. పోతు బాగానే బదులిచ్చింది, వచ్చింది, 60, 80 గజాల దూరంలో గోడ కట్టినట్టు ఆగిపోయింది, పది నిమిషాలు చూసి వెళ్లిపోయింది. దురదృష్టం అనుకుంటారు. జంతువు వైపు నుంచి చూస్తే అందులో వింత లేదు. ఎదకాలంలో మామూలుగా పోతు కూస్తుంది, ఆడది దాని దగ్గరికి వెళ్తుంది. ఇక్కడ తిరగేసి జరుగుతోంది. ఆడది పిలుస్తోంది, పోతు వచ్చింది. ఆ ఆడది కనపడాల్సిన చోటికి చేరాక కూడా ఎవరూ కనపడలేదు. ఇక దాని వంతు అయిపోయింది. నిలబడి కూసి, 'వచ్చాను కదా, బయటికి రా' అంటుంది. ఇక్కడ మనిషి మళ్లీ మ్యూ అంటే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే అంత దగ్గర్లో కూసిన ఆడది కంటికి కనపడి తీరాలి.

కాబట్టి అది ఆగేది వేటగాడు కూసిన చోటు కనిపించే తొలి బిందువు దగ్గర. ఆ బిందువు 80 గజాల్లో ఉండాలా, 25 గజాల్లో ఉండాలా అన్నది నేల నిర్ణయిస్తుంది. నేలను వేటగాడు ఎంచుకోవచ్చు. విశాలమైన ఆస్పెన్ తోపులో, గడ్డి మైదానం అంచున కూర్చుని కూసినవాడు తన ఓటమిని తానే రాసుకున్నట్టు. చిన్న మిట్టకు అవతల, శిఖరం అంచుకు కాస్త కింద, దారి మలుపు తిరిగే చోట, కూలిన దుంగల గుట్ట వెనక కూస్తే, పోతు తొంగిచూడటానికి మిట్ట ఎక్కాలి. ఎక్కేసరికి బాణం దూరంలో ఉంటుంది.

ఇది మొదటి సగం. రెండో సగం కూసిన చోటే కూర్చోకుండా ఉండటం. పోతు 150 గజాల అవతల ఉండి కంటికి అందనప్పుడు రెండు మూడు మ్యూలు ఊది, వెంటనే దానివైపు 20, 30 గజాలు ముందుకు జరగాలి. అప్పుడు ఇద్దరు చేసే పనిని ఒకడే చేసినట్టవుతుంది. కూత వెనక మిగిలిపోయింది, విల్లు ముందుకొచ్చింది. నడకలో పుల్ల విరిగితే భయపడనక్కర్లేదు. మందగా నడిచే ఎల్క్‌లు కొమ్మలు విరుస్తూనే పోతాయి, మనిషిలా తాపీగా లయ తప్పకుండా అడుగులేస్తేనే తేడా పసిగడతాయి. ముందుకు జరిగే వీల్లేని చోట ట్యూబ్‌ను భుజం మీదుగా వెనక్కి తిప్పి ఊదితే శబ్దం వెనకనుంచి వచ్చినట్టుంటుంది. కొందరు ఆడ ఎల్క్ బొమ్మ ముద్రించిన గుడ్డ దీమాన్ని 15 గజాలు వెనక కొమ్మకు తగిలించి ముందు మాటు వేస్తారు. పోతుకు చూడటానికి ఏదో ఒకటి దొరుకుతుంది, దాని చూపు మనిషిని దాటి వెళ్తుంది. ఒంటరివాడికి కొత్త కాల్ కన్నా ఈ గుడ్డ ముక్క మీద పెట్టిన డబ్బే మంచి ఖర్చు.

గాలి

చూపును మోసం చెయ్యొచ్చు, చెవిని మోసం చెయ్యొచ్చు. ముక్కును చెయ్యలేం. కూతకు వచ్చే పోతు చాలాసార్లు నేరుగా రాదు, చివరి వంద గజాల్లో గాలివాటు కిందికి చుట్టు తిరిగి, పిలిచినవాళ్ల వాసన చూశాకే దగ్గరికొస్తుంది. ఇద్దరున్నప్పుడు ముందున్నవాడు ఆ చుట్టుదారి మీదే కూర్చుంటాడు. ఒంటరివాడు ఆ చుట్టు పూర్తికాక ముందే బాణం వెయ్యాలి, లేదా చుట్టు తిరిగే దారి లేకుండా చూసుకోవాలి. గాలివాటు కింద నిలువు బండ, దట్టంగా కూలిన చెట్లు, వాగు గట్టు ఉన్న చోటు దొరికితే అది బంగారం. అలాంటిది లేకపోతే కూసిన చోటు నుంచి సూటిగా ముందుకు కాకుండా, ముందుకూ గాలివాటు పక్కకూ ఐమూలగా జరగాలి. పోతు చుట్టు తిరుగుతూ వెళ్లే దారి అతని ముందునుంచి పోతుంది.

కొండల్లో గాలి గడియారం ప్రకారం దిశ మారుస్తుంది. రాత్రంతా చల్లబడ్డ గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, ఉదయం కూడా అలాగే కిందికే వీస్తుంది. ఎండ వాలును తాకి నేల వేడెక్కాక పైకి మళ్లుతుంది. మధ్యలో అరగంట, గంట ఎటూ తేలక సుడులు తిరుగుతుంది. సాయంత్రం నీడ పడ్డాక మళ్లీ కిందికి.

ఒక మామూలు ఉదయం తీసుకుందాం. ఏడుంపావు. రాత్రి మైదానంలో మేసిన మంద ఉత్తరపు వాలు మీది చీకటి అడవిలోకి పడుకోడానికి ఎక్కుతోంది. పైనుంచి బ్యూగిల్ వినిపించింది, 300 గజాలు ఉంటుంది. వేటగాడు కింద ఉన్నాడు, గాలి పైనుంచి కిందికి, అంతా అనుకూలం. అక్కడే కూర్చుని కూయాలనిపిస్తుంది. పైకెక్కుతున్న పోతు కిందికి దిగి రావడం అరుదు, తొమ్మిదింటికి ఎండ పడిందంటే గాలి తిరగబడి మనిషి వాసనను నేరుగా దాని ముక్కుకు చేరుస్తుంది. అంచేత ఆ రెండు గంటల్లోనే అతను వాలుకు అడ్డంగా నడిచి, మంద ఉన్న మట్టానికి ఎక్కాలి. అక్కడ గాలి కిందికి పోయినా పైకి పోయినా వాసన పక్కనుంచే పోతుంది. 120 గజాలకు చేరాక చిన్న మిట్ట చూసుకుని, గాలిని పొడి చల్లే సీసాతో పరీక్షించి, చుట్టూ నాలుగు చెట్లకు దూరం కొలిచి పెట్టుకుని, బాణం తాడుకు తగిలించి, అప్పుడు మొదటి మ్యూ. అప్పటిదాకా నోట్లో డయాఫ్రం ఉన్నా ఊదకూడదు. ముందు కూసి తర్వాత చోటు వెతుక్కునేవాడు మూడు నిమిషాల్లో ప్రత్యక్షమైన పోతును నిలువుకాళ్ల మీద ఎదుర్కొంటాడు.

కూశాక కనీసం ఇరవై నిమిషాలు కదలకూడదు. బదులివ్వకుండా మౌనంగా వచ్చే పోతులు కూసుకుంటూ వచ్చేవాటి కంటే తక్కువేం కాదు. వేటగాడు 'ఇక్కడేం లేదులే' అని లేచి నిలబడ్డ క్షణానే చాలా వేటలు ముగుస్తాయి. పొద వెనక కాకుండా పొద ముందు కూర్చోవడం ఇంకో అలవాటు. వెనక ఆకుల రంగు ఒంటి గీతను కలిపేస్తుంది, ముందు విల్లుకు అడ్డం ఉండదు.

ఏ పోతుకు ఏ కూత

మందను కాపలా కాస్తున్న పెద్ద పోతుకూ, ఆ మంద చుట్టూ తిరిగే కుర్ర పోతులకూ కావాల్సినవి వేరు. కుర్రవాటికి ఆడది లేదు. రెండు మెత్తటి మ్యూలకు అవి నడిచొస్తాయి, భారీ గర్జన వింటే తన్నులు తప్పవని తప్పుకుంటాయి. ఒంటరివాడికి ఎక్కువగా దక్కేవి ఇవే, మాంసం కోసం వెళ్లినవాడికి ఇవే మేలు కూడా.

పెద్ద పోతు దగ్గర ఇరవై ఆడవి ఉన్నప్పుడు దూరంగా ఒంటి ఆడది కూస్తే అది వాటిని వదిలి రాదు, నువ్వే రా అని కూసి ఊరుకుంటుంది. దూరం నుంచి సవాలు విసిరితే ఆడవాటిని కొమ్ములతో అదిలించి కొండ అవతలికి తోలుకుపోతుంది. అది ఓడిపోవడం కాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడం. సవాలుకు విలువ వచ్చేది దాని గడపలో విసిరినప్పుడే. గాలి చూసుకుంటూ వంద గజాల లోపుకి, కుదిరితే ఇంకా దగ్గరికి చేరాలి. అంతవరకు ఒక్క శబ్దం చెయ్యకూడదు. అక్కడ ఒక కొమ్మతో చిన్న చెట్టును చీరుతూ, ఆడ మ్యూ ఒకటి, దాని మీద పొట్టి కయ్యపు కూత ఒకటి వినిపిస్తే తన మందలోంచి ఒకదాన్ని ఎవడో లాక్కుపోతున్నాడని దానికి అర్థం. అప్పుడు అది నడిచి రాదు, ఉరికి వస్తుంది. ఇంతకు ముందు చెప్పిన గుర్రు తేడా ఇక్కడ పనికొస్తుంది. మరీ ముదురు గొంతు పెడితే వెనకాడొచ్చు, కుర్ర గొంతుతో తిట్టించుకుంటే రోషం పొడుచుకొస్తుంది. ఇది పేకాటలాంటి ఎత్తు, ఒక్కసారే వెయ్యగలరు. ఆ మొదటి రెండు నిమిషాల్లో పోతు రాలేదంటే మళ్లీ మళ్లీ అరిచినా రాదు.

ప్రజలందరికీ తెరిచిన జాతీయ అడవుల్లో సమస్య ఇంకోలా ఉంటుంది. సెప్టెంబరు రెండో వారానికల్లా ప్రతి లోయలో ఎవరో ఒకరు ఊదేసి ఉంటారు. జంతువులు నేర్చుకుంటాయనేది ఊహ కాదు. కెనడాలో అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియా ప్రాంతాల్లో ఆడ ఎల్క్‌లకు జీపీఎస్ పట్టీలు కట్టి చేసిన అధ్యయనం 2017లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చింది. వయసు పెరిగేకొద్దీ అవి తక్కువ కదులుతాయని, వేటకాలంలో భద్రమైన నేలను ఎంచుకుంటాయని, తొమ్మిది పదేళ్లు దాటినవి వేటగాళ్ల చేతికి దాదాపు చిక్కవని అందులో తేలింది. మందను నడిపేవి ఇలాంటి ముదురు ఆడవే. పోతును మోసం చేసినా దాని ముందు నడిచే ముసలి ఆడదాన్ని మోసం చేయడం వేరే లెక్క. జనం ఎక్కువున్న చోట బ్యూగిల్‌ను పక్కనబెట్టి, గంటకోసారి ఒకటి రెండు మ్యూలతో, కొమ్మ విరిచే చప్పుడుతో, నేల మీద కర్రతో అడుగుల చప్పుడుతో మంద మేస్తున్నట్టు నటించడం ఎక్కువ ఫలిస్తుందని అనుభవజ్ఞుల మాట. వింటే విసుగ్గా ఉంటుంది గానీ తర్కం ఉంది. అలా ఊదేవాడు లోయలో ఇంకొకడు ఉండడు.

కూతకు వచ్చేవి ఎల్క్‌లే కావు. ఒక్కోసారి నలభై నిమిషాలు బదులు పలికిన 'పోతు' చివరికి ముఖానికి రంగు పూసుకున్న ఇంకో వేటగాడై తేలుతుంది. నవ్వుకుని విడిపోతారు. గ్రిజ్లీ ఎలుగులు తిరిగే మోంటానా, వయోమింగ్ అడవుల్లో ఇది నవ్వులాట కాదు. ఒంటి మీద చెట్ల రంగు బట్టలు, గాలికి ఎదురుగా మాటు, నోట్లో పిల్ల ఎల్క్ కూత, చుట్టూ ఎవరూ లేరు. ఎలుగు దృష్టిలో అది తిండి పిలుపు. బేర్ స్ప్రే (ఎలుగును తరిమే ఘాటు స్ప్రే) సంచిలో కాకుండా నడుముకు ఉండాలని అధికారులు ఏటా హెచ్చరించేది ఇలాంటివాళ్లనే. వెనక చూసే రెండో జత కళ్లు లేని ఒంటరివాడు వీపును చెట్టుకో బండకో ఆనించి కూర్చోవడం వేట కిటుకు మాత్రమే కాదు.

చివరి ముప్పై గజాలు

పోతు లోపలికి వచ్చాక కాల్‌తో మిగిలిన పని ఒక్కటే. తల చెట్టు మాను వెనక్కి పోయినప్పుడు విల్లు లాగాలి. ఇప్పటి కాంపౌండ్ విల్లులో, అంటే కప్పీలున్న విల్లులో, పూర్తిగా లాగాక చేతి మీద బరువు బాగా తగ్గిపోతుంది, అరనిమిషం పైగా పట్టి ఉంచొచ్చు. కాబట్టి తొందరగా లాగి ఆగడమే నయం. పాత తరహా వంపు విల్లుకు ఆ సుఖం లేదు, అది పట్టినవాడు పోతు పక్కకు తిరిగాకే లాగగలడు. ఎదురుగా రొమ్ము చూపిస్తూ నిలబడ్డ జంతువు మీద బాణం వదలకపోవడం మంచిది. ఎముకల మధ్య సందు చిన్నది, గాయపడి పోయే ప్రమాదం పెద్దది. ఒంటరివాడికి పోతు తనవైపే సూటిగా రావడం మామూలు కాబట్టి ఈ శోధన అతనికే ఎక్కువ. అందుకే ఐమూలగా జరగడం, దీమాన్ని వెనక పెట్టడం. పక్క చూపించే దారిలోకి దాన్ని తేవాలి. నడుస్తుంటే చిన్న మ్యూతో ఆపి, ముందుకాలు కదిలి పక్కటెముకలు తెరుచుకున్నప్పుడు వదలాలి. వదిలిన మరుక్షణం మళ్లీ ఒకటి రెండు మ్యూలు ఊదితే, ఏం తగిలిందో తెలియని పోతు పరుగు ఆపి కొద్ది దూరంలోనే నిలబడటం తరచూ జరుగుతుంది. నెత్తుటి జాడ వెతకాల్సిన దూరం అంతమేరకు తగ్గుతుంది.

ఆ తర్వాత మొదలయ్యే పనిలో ఏ కాలూ అక్కరకు రాదు. ఎముకలు తీసేసినా ఒక పెద్ద పోతు మాంసం 90 కిలోల చుట్టూ ఉంటుంది. తల, కొమ్ములు వేరే. ఒక మనిషి వీపు మీద కొండ దారిలో దాన్ని నాలుగైదు విడతలుగా మోయాలి. మధ్యాహ్నం ఎండ 25 డిగ్రీలు ఉండే సెప్టెంబరులో మాంసం చెడకుండా ఉండటానికి గంటల వ్యవధే ఉంటుంది. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేస్తే కొలరాడో, మోంటానా, ఐడహోల్లో శిక్ష పడుతుంది. బండి నుంచి ఐదు మైళ్ల దూరంలో, రెండు లోయలు దిగి, సాయంత్రం ఆరింటికి బ్యూగిల్ వినపడితే ఒంటరివాడు డయాఫ్రం జేబులోనే ఉంచుకుని, ఆ చోటును మ్యాపులో గుర్తుపెట్టుకుని, మర్నాడు తెల్లవారుజామున పోతు బండికి దగ్గరి వాలు మీదికి ఎక్కే దారిని చూసుకుంటాడు.